కరగని కాసులు

మీద ఇరవై డాలర్లని రాసి ఉంటుంది. వేలంలో మాత్రం లక్షల డాలర్లు పలుకుతుంది! పందొమ్మిదో శతాబ్దంలో అచ్చయిన అమెరికా బంగారు నాణేలది ఓ విచిత్రమైన లెక్క. ఆ లెక్కలో బంగారం వాటా చాలా తక్కువ.

ఉత్తర కాలిఫోర్నియాలో ఓ జంట. 2013 ఫిబ్రవరిలో ఓరోజు ఎప్పట్లాగే కుక్కను వెంటబెట్టుకుని తమ స్థలంలో షికారుకు బయల్దేరారు. ఏళ్ల తరబడి నడుస్తున్న దారే. ఓచోట మట్టి కొట్టుకుపోయి, తుప్పుపట్టిన రేకు డబ్బా ఒకటి బయటికి తొంగిచూస్తోంది. కర్రతో పెళ్లగించి ఎత్తబోతే... అబ్బో, ఇంత బరువా! పాత రంగు డబ్బా ఏమో అనుకున్నారు. మోసుకొస్తుంటే మూత ఊడింది. లోపల అంచు వెంట గీతలు గీతలుగా ఉన్న ఓ బంగారు నాణెం కనిపించింది.

ఒకటి కాదు. ఆ చుట్టుపక్కల తవ్వితే మొత్తం ఎనిమిది డబ్బాలు దొరికాయి. వాటిలో 1,427 బంగారు నాణేలు! 1847 నుంచి 1894 దాకా అచ్చయినవి. అన్నింటి మీదా రాసి ఉన్న విలువ కలిపితే 27,980 డాలర్లు. నాణేల నిపుణులు చూసి కట్టిన విలువ దాదాపు కోటి డాలర్లు. అప్పటి మారకం లెక్కన మన డబ్బులో అరవై కోట్ల రూపాయల పైమాటే.

ఏడాదిపాటు ఆ జంట ఈ సంగతి బయటికి పొక్కనివ్వలేదు. 2014 ఫిబ్రవరిలో విషయం లోకానికి చెప్పినప్పుడు కూడా పేర్లూ ఊరూ బయటపెట్టలేదు. చెబితే ఇంకేమన్నా ఉందా, పలుగూ పారా పట్టుకుని జనం వాళ్ల పెరట్లో వాలిపోరూ! దొరికిన చోటు పేరు మీదుగా ‘శాడిల్ రిడ్జ్ నిధి’ అన్న పేరు మాత్రం స్థిరపడింది. ఎవరు దాచారన్నది ఈ రోజుకీ తేలలేదు. 1901లో శాన్‌ఫ్రాన్సిస్కో టంకశాల నుంచి ముప్పై వేల డాలర్ల విలువైన బంగారు నాణేలు మాయం కావడం, వాల్టర్ డిమ్మిక్ అనే గుమాస్తా జైలుకు వెళ్లడం నిజంగా జరిగిన కథ. ఇవి అవేనేమో అని పత్రికలన్నీ కోడై కూశాయి. అందుకు తగ్గ ఆధారమేదీ తమ దగ్గర లేదని టంకశాల తేల్చేసింది.

ఆ రాశిలో ఒకే ఒక్క నాణేనికి నిపుణులు దాదాపు పది లక్షల డాలర్లు కట్టారు. 1866లో శాన్‌ఫ్రాన్సిస్కోలో అచ్చయిన ఇరవై డాలర్ల నాణెం అది. దాని పక్కనే, అదే డబ్బాలో, అదే తూకంతో, అదే బంగారంతో ఉన్న వేరే నాణేలు అందులో వందోవంతు కూడా పలకలేదు. ఎందుకని?

ఎందుకంటే దాని మీద ఓ మాట లేదు! ‘దేవుడే మాకు నమ్మకం’ అన్న అర్థం వచ్చే మాటను 1866 నుంచి ఈ నాణేల మీద వేయాలని నిర్ణయించారు. కొత్త అచ్చుదిమ్మలు తూర్పున ఉన్న ఫిలడెల్ఫియాలో తయారై పడమటి తీరానికి చేరాలి. అప్పటికి ఖండం దాటే రైలుదారి లేదు. అవి వచ్చేలోగా శాన్‌ఫ్రాన్సిస్కోవాళ్లు పాత దిమ్మలతోనే కొన్ని కొట్టేశారు. ఆ ‘కొన్ని’లో ఒకటి ఈ డబ్బాలోకి చేరింది. నూట నలభై ఏడేళ్ల తర్వాత అదే అదృష్టమైంది.

నాలుగు కాసుల బరువు

అసలు ఈ నాణేల సంగతేంటో చూద్దాం. అమెరికాలో పది డాలర్ల బంగారు నాణేనికి ‘ఈగిల్’ అని పేరు. వెనకవైపు గద్ద బొమ్మ ఉంటుంది. అయిదు డాలర్లది హాఫ్ ఈగిల్. రెండున్నర డాలర్లది క్వార్టర్ ఈగిల్. మరి ఇరవై డాలర్లది? డబుల్ ఈగిల్. మొదట్లో ఇది లేదు. 1848 జనవరి 24న కాలిఫోర్నియాలో జేమ్స్ మార్షల్ అనే వడ్రంగి ఓ రంపపు మిల్లు కాలవలో పసిడి రేణువులు చూశాడు. ఆ తర్వాత అక్కడి నుంచి బంగారం ఎంతగా వచ్చి పడిందంటే, చిన్న నాణేలు కొట్టి కొట్టి టంకశాలలు అలసిపోయే పరిస్థితి. అందుకే పెద్ద నాణెం. 1849లో నమూనాగా కొట్టిన డబుల్ ఈగిల్ వాషింగ్టన్‌లోని స్మిత్సోనియన్ మ్యూజియంలో భద్రంగా ఉంది. 1850 నుంచి మిగతావి జనంలోకి వచ్చాయి.

దీని బరువు 33.4 గ్రాములు. మన లెక్కలో నాలుగు కాసుల పైమాటే. తొంభై వంతుల బంగారం, గట్టిదనం కోసం పది వంతుల రాగి. అంటే 21.6 కేరట్లు. మన కాసు బంగారానికి కాస్త తక్కువ. ఇక ఒక్క డాలరు బంగారు నాణెం కూడా ఉండేది. తొలినాళ్లలో దాని అడ్డుకొలత 13 మిల్లీమీటర్లే. చొక్కా గుండీ అంత! జేబుకు చిల్లుంటే అంతే సంగతులు.

ఎక్కడ అచ్చయిందో చెప్పడానికి నాణెం మీద ఓ చిన్న అక్షరం వేస్తారు. ‘ఎస్’ అంటే శాన్‌ఫ్రాన్సిస్కో. ‘సీసీ’ అంటే నెవాడాలోని కార్సన్ సిటీ. ‘డి’ అంటే జార్జియాలోని డలోనెగా. ఫిలడెల్ఫియాలో కొట్టిన వాటికి అక్షరం ఉండదు. నాణేలు సేకరించేవాళ్లు భూతద్దం పట్టుకుని ముందు వెతికేది ఆ అక్షరాన్నే. సంవత్సరం ఒకటే అయినా ఈ ఒక్క అక్షరంతో వెల వంద రెట్లు మారిపోయిన సందర్భాలున్నాయి. 1861 నాటి డలోనెగా ఒక డాలరు నాణేన్నే తీసుకోండి. ఆ ఏడు అంతర్యుద్ధం మొదలైంది. దక్షిణాది తిరుగుబాటుదారులు ఆ టంకశాలను స్వాధీనం చేసుకుని, మిగిలిన బంగారంతో వాళ్లే నాణేలు కొట్టారు. ఎన్ని కొట్టారో ప్రభుత్వ పద్దుల్లో ఎక్కడా లేదు. అమెరికా ప్రభుత్వం పేరుతో, అమెరికా మీద తిరగబడినవాళ్లు వేసిన నాణెమన్నమాట. దానికుండే గిరాకీయే వేరు.

కొలిమి మింగినవి

పాతదైతే చాలు, విలువైనదే అనుకుంటారు చాలామంది. పొరపాటు. పందొమ్మిదో శతాబ్దం చివర్లో శాన్‌ఫ్రాన్సిస్కోలో లక్షల్లో అచ్చయిన డబుల్ ఈగిల్స్ ఇప్పటికీ దండిగా ఉన్నాయి. వాటికి పలికేది బంగారం ధర, దానిమీద ఇంకొంచెం. అంతే. ఎన్ని కొట్టారన్నది కూడా సగం సంగతే. కొలిమిలో పడకుండా ఎన్ని మిగిలాయన్నది అసలు సంగతి.

1834కు ముందు నాటి హాఫ్ ఈగిల్స్ కథ వింటే ఇది బాగా అర్థమవుతుంది. అప్పట్లో అమెరికా చట్టం బంగారానికి వెండితో పోల్చి తక్కువ వెల కట్టింది. ఐరోపాలో అదే బంగారానికి ఎక్కువ వెండి వచ్చేది. వ్యాపారులు ఊరుకుంటారా! నాణేలు పోగేసి ఓడలెక్కించడం, అక్కడ కరిగించడం. టంకశాల ఓవైపు కొడుతూనే ఉంది, కొలిమి మరోవైపు మింగుతూనే ఉంది. చివరికి 1834లో చట్టం మార్చి నాణెంలో బంగారం తగ్గించారు. దాంతో పాత అయిదు డాలర్ల నాణెంలో ఉన్న బంగారం కొత్త లెక్కన దాదాపు అయిదు డాలర్ల 33 సెంట్లయింది. ఇంకేం, అప్పటిదాకా మిగిలినవి కూడా కొలిమి దారి పట్టాయి.

1822లో 17,796 హాఫ్ ఈగిల్స్ వేసినట్టు టంకశాల పద్దు చెబుతోంది. ఇవాళ ప్రపంచం మొత్తమ్మీద ఉన్నట్టు తెలిసినవి... మూడు! రెండు స్మిత్సోనియన్‌లో ఉన్నాయి. అవి అమ్మకానికి రావు. మూడోది 1982 వేలంలో 6,87,500 డాలర్లకు అమ్ముడుపోయింది. అదే నాణెం 2021 మార్చిలో మళ్లీ వేలానికొచ్చింది. ఈసారి 84 లక్షల డాలర్లు పలికింది. మన డబ్బులో అరవై కోట్లకు పైనే. బరువు చూస్తే కాసు మీద ఓ పిసరు ఎక్కువ.

రెండోసారి కొలిమి రాజేసింది సాక్షాత్తూ ప్రభుత్వమే. 1933లో అమెరికా మాంద్యంలో కూరుకుపోయి ఉంది. జనం బంగారాన్ని ఇళ్లలో దాచుకోవడం మొదలెట్టారు. ఏప్రిల్ 5న అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ ఓ ఉత్తర్వు ఇచ్చారు. మనిషికి వంద డాలర్ల విలువ దాకా నాణేలు ఉంచుకోవచ్చు, మిగతా బంగారం బ్యాంకులో అప్పగించాల్సిందే. కాదంటే పదివేల డాలర్ల జరిమానా, పదేళ్ల దాకా జైలు. ఇరవై డాలర్ల నాణెం ఇచ్చినవాళ్లకు ఇరవై డాలర్ల కాగితం ఇచ్చారు. ఏడాది తిరక్కుండానే, 1934 జనవరిలో ప్రభుత్వం ఔన్సు బంగారం వెలను 20.67 డాలర్ల నుంచి 35 డాలర్లకు పెంచింది. నిన్న ఇరవైకి అప్పగించిన నాణెంలోని బంగారం ఇవాళ 33 డాలర్ల 86 సెంట్లు! బుద్ధిగా చట్టానికి కట్టుబడ్డవాళ్ల కడుపు ఎంత రగిలిపోయి ఉంటుందో ఊహించుకోవాల్సిందే.

అలా వచ్చిన నాణేలు గుట్టలు గుట్టలుగా కరిగి కడ్డీలయ్యాయి. ఫోర్ట్ నాక్స్ ఖజానాలో ఉన్న బంగారంలో చాలా భాగం అలా కరిగించిన నాణేలదే. అంతకుముందే వ్యాపారం మీద ఐరోపా బ్యాంకులకు చేరినవి మాత్రం బతికిపోయాయి. దశాబ్దాల తర్వాత అవి సంచుల్లో అమెరికాకు తిరిగొచ్చాయి. పరాయి దేశానికి పోయినవి మిగిలాయి, సొంత ఇంట్లో ఉన్నవి కరిగిపోయాయి!

ఉత్తర్వులో ఒక్క వాక్యం

రూజ్‌వెల్ట్ ఉత్తర్వులో ఓ చిన్న మినహాయింపు ఉంది. సేకరణకర్తల దృష్టిలో ప్రత్యేక విలువ ఉన్న అరుదైన నాణేలను ఉంచుకోవచ్చన్నది దాని సారాంశం. బాల్టిమోర్‌లో లూయీ ఎలియాస్‌బర్గ్ అనే బ్యాంకరు ఉండేవాడు. బంగారం మీద నమ్మకం, కాగితం డబ్బు మీద అపనమ్మకం ఉన్న మనిషి. బంగారాన్ని చట్టబద్ధంగా దగ్గరుంచుకోవడానికి ఆయనకు కనిపించిన దారి ఈ ఒక్క వాక్యమే. నాణేల సేకరణ మొదలెట్టాడు. 1942లో క్లాప్ అనే కుటుంబం తరతరాలుగా పోగేసిన నాణేలన్నింటినీ ఒకేసారి లక్ష డాలర్లకు కొనేశాడు. క్రమంగా అది వ్యసనమైంది. అప్పటికి తెలిసిన అమెరికా నాణేల్లో ప్రతి రకం, ప్రతి సంవత్సరం, ప్రతి టంకశాలదీ ఒక్కోటి చొప్పున 1950 నాటికి పూర్తి చేశాడు. ఆ పని చేసినవాడు ఆయనొక్కడే. పైన చెప్పిన మూడో 1822 నాణెం 1982 దాకా ఉన్నది ఆయన పెట్టెలోనే. ఆయన 1976లో పోయాడు. అమెరికా పౌరులు మళ్లీ స్వేచ్ఛగా బంగారం కొనుక్కోవచ్చని చట్టం ఒప్పుకున్నది 1974 చివరి రోజున. ఆ మార్పును కళ్లారా చూసే పోయాడు.

కుంకుడుకాయ రసంతో కడిగితే...

మన ఇళ్లల్లో పండగొస్తే నగలు కుంకుడుకాయ రసంలో వేసి, మెత్తటి బ్రష్షుతో రుద్ది తళతళలాడించడం అలవాటు. కాసులపేరు చేయించాలంటే కంసాలి ప్రతి కాసుకీ ఓ కొంకీ అతుకుతాడు. బంగారానికి అది అలంకారం. నాణెం సేకరించేవాడికి మాత్రం గుండె ఆగినంత పని!

ఎందుకంటే టంకశాల నుంచి వచ్చినప్పుడు నాణెం మీద ఉండే సహజమైన మెరుపు ఒక్కసారి రుద్దితే పోతుంది. మళ్లీ రాదు. గుడ్డతో తుడిచినా సన్నటి వెంట్రుకల్లాంటి గీతలు పడతాయి. మన కంటికి అది మెరిసిపోతున్నట్టే ఉంటుంది. భూతద్దం కింద పెట్టిన నిపుణుడు మాత్రం పెదవి విరుస్తాడు. కొంకీ అతికి తీసేసిన మచ్చ ఉంటే ఎంత అరుదైన నాణేనికైనా వెల దారుణంగా పడిపోతుంది. ఇది మన దగ్గరి పిచ్చి మాత్రమే అనుకోనక్కర్లేదు. వందేళ్ల కిందట అమెరికన్లూ ఒక్క డాలరు బంగారు నాణెం ఒకవైపు నున్నగా అరగదీసి, ప్రియురాలి పేరులో అక్షరాలు చెక్కించి గొలుసుకు వేలాడదీసేవారు. ప్రేమ మిగిలిందో లేదోగానీ నాణెం విలువ మాత్రం పోయింది.

నాణెం ఎంత చెక్కుచెదరకుండా ఉందో చెప్పడానికి 1 నుంచి 70 దాకా మార్కులు వేస్తారు. విలియం షెల్డన్ అనే ఆయన 1949లో పాత రాగి సెంట్ల కోసం రూపొందించిన పద్ధతి ఇది. 60కి పైన మార్కులొస్తే అది చేతులు మారని నాణెమని అర్థం. అలాంటి వాటిలోనూ తేడాలుంటాయి. సంచీల్లో ఒకదానికొకటి తగిలి పడిన నొక్కులు, అచ్చు సరిగ్గా పడిందా లేదా, మెరుపు ఎంత... ఇవన్నీ చూస్తారు. పైమెట్ల మీద ఒక్క మార్కు తేడాతో వెల రెట్టింపైన నాణేలున్నాయి.

ఒకప్పుడు ఈ మార్కులు వేసేది అమ్మేవాడే. కొనేటప్పుడు ‘అబ్బే, అరిగిపోయింది’, అమ్మేటప్పుడు ‘కొత్తపెళ్లికూతురిలా ఉంది’! ఈ గొడవలు పడలేకే 1986లో పీసీజీఎస్, మరుసటేడాది ఎన్‌జీసీ అనే సంస్థలు పుట్టాయి. నాణెం అమ్మకంతో సంబంధం లేని నిపుణులు విడివిడిగా పరీక్షిస్తారు. అసలుదని తేలితే మార్కు వేసి, నంబరిచ్చి, పారదర్శకంగా ఉండే గట్టి ప్లాస్టిక్ పెట్టెలో పెట్టి మూసేస్తారు. దొంగలు ఈ పెట్టెలకూ నకిలీలు చేస్తున్నారు కాబట్టి, అమెరికాలో ఉన్న మనవాళ్లెవరైనా ఇలాంటివి కొంటుంటే ఆ నంబరును సంస్థ దగ్గర సరిచూసుకోకుండా డబ్బు ఇవ్వకపోవడం మంచిది. బంగారం ధర ఎంతో, దానిమీద అరుదైనదని అడుగుతున్నది ఎంతో విడివిడిగా లెక్కేసుకోవడం ఇంకా మంచిది.

సముద్రం దాచిపెట్టింది

అరుదన్న మాట శాశ్వతం కాదు. 1857 సెప్టెంబరులో ‘సెంట్రల్ అమెరికా’ అనే ఓడ కాలిఫోర్నియా బంగారం మోసుకుంటూ న్యూయార్క్ వెళ్తోంది. కరోలినా తీరానికి దూరంగా తుపానులో చిక్కుకుని మునిగిపోయింది. దాదాపు 425 మంది జలసమాధి అయ్యారు. బంగారం రాకపోవడంతో అప్పటికే వణుకుతున్న న్యూయార్క్ బ్యాంకుల భయం మరింత పెరిగింది.

1988లో పరిశోధకులు ఆ ఓడను రెండు కిలోమీటర్లకు పైగా లోతులో కనిపెట్టారు. అందులోంచి బయటికి తీసిన వాటిలో అదే ఏడు శాన్‌ఫ్రాన్సిస్కోలో కొట్టిన డబుల్ ఈగిల్స్ అయిదు వేలకు పైగా ఉన్నాయి. టంకశాల నుంచి నేరుగా ఓడెక్కినవి కావడంతో నూట ముప్పై ఏళ్లు నీళ్లలో నానినా నిన్న కొట్టినట్టున్నాయి! అంతకుముందు చేతులు మారని 1857 నాటి డబుల్ ఈగిల్ దొరకడం గగనం. ఒక్క దెబ్బతో అది అందరికీ అందేదైపోయింది. చిత్రమేమిటంటే గిరాకీ మాత్రం చావలేదు. ఓడ కథ కోసమే కొనేవాళ్లు తయారయ్యారు. 2023లో కెంటకీలో ఓ మొక్కజొన్న చేలో అంతర్యుద్ధం నాటి బంగారు నాణేలు 700కు పైగా దొరికినప్పుడూ అంతే. అందులో పద్దెనిమిది 1863 నాటి డబుల్ ఈగిల్స్ ఉన్నాయని తెలియగానే, సేకరించేవాళ్లంతా తమ దగ్గరున్న దాని సంగతేమిటని లెక్కలు వేసుకున్నారు.

‘ఇది నకిలీ, పట్టుకుపో!’

శాన్‌ఫ్రాన్సిస్కో టంకశాల 1854లో తెరిచారు. బంగారాన్ని శుద్ధి చేసే ఆమ్లాలకు అప్పుడక్కడ కొరత. ఉన్న బంగారమంతా పెద్ద నాణేలకే పోయింది. ఆ ఏడు డబుల్ ఈగిల్స్ లక్షా నలభై వేలకు పైగా కొడితే, హాఫ్ ఈగిల్స్ కొట్టింది 268 మాత్రమే. వాటిలో మిగిలినవి మూడేనని దశాబ్దాలపాటు అందరూ నమ్మారు.

అమెరికాలోని న్యూ ఇంగ్లండ్ ప్రాంతానికి చెందిన ఓ వ్యక్తి దగ్గర అలాంటి నాణెం ఒకటుంది. వర్తకులకు చూపిస్తే నకిలీ అన్నారు. వాళ్లననుకునీ లాభం లేదు. ఫిలడెల్ఫియాలో కొట్టిన మామూలు 1854 నాణెం తీసుకుని, దానిమీద బుల్లి ‘ఎస్’ అతికించడం నకిలీగాళ్లకు పాత విద్య. ఉన్నవి మూడైతే నాలుగోది ఎలా వస్తుంది? ఆయన కూడా సగం ఆశ వదిలేసుకున్నాడు. చివరికి ఎన్‌జీసీకి పంపాడు. అక్కడి నిపుణులు స్మిత్సోనియన్‌లో ఉన్న నాణెం ఫొటోలు తెప్పించి, గీతకు గీత, నొక్కుకు నొక్కు పోల్చి చూశారు. అక్షరం అతికించింది కాదు. ఒకే అచ్చుదిమ్మ నుంచి పుట్టిన కవలలే! 2018 ఆగస్టులో ఫిలడెల్ఫియాలో జరిగిన వేలంలో ఆ ‘నకిలీ’ నాణెం 21 లక్షల 60 వేల డాలర్లకు పోయింది. మన డబ్బులో పదిహేను కోట్లు.

నిపుణులు తేల్చాల్సిన ప్రశ్న ఇంకొకటి కూడా అప్పుడు వాళ్ల ముందుంది. తెలిసిన మూడింటిలో ఒకటి ఫ్లోరిడాలో విల్లిస్ డ్యుపాంట్ అనే సంపన్నుడి దగ్గర ఉండేది. 1967 అక్టోబరులో సాయుధ దొంగలు ఆయన ఇంట్లో చొరబడి నాణేల సేకరణంతా దోచుకుపోయారు. ఇప్పుడు బయటపడింది అదేనా? పాత ఫొటోలతో పోల్చి చూశాక కాదని తేలింది.

దోపిడీ సొత్తులో కొన్ని నాణేలు తర్వాత ఏళ్లలో ఒక్కోటిగా దొరికాయి. ఆ హాఫ్ ఈగిల్ మాత్రం మళ్లీ కనిపించలేదు. ఏ పాత పెట్టె అడుగునో, దాని విలువ తెలియని ఎవరి దగ్గరో ఉండొచ్చు. బయటపెడితే దొరికిపోతామని భయపడి దొంగలే కరిగించేసి ఉంటే మాత్రం, అందులోంచి వాళ్లకు దక్కింది ఏడున్నర గ్రాముల బంగారం.